కొత్తగా ఇంటికొచ్చిన యాక్సలాటల్ బెదిరిపోతే ఏం చేయాలి: బెజవాడ, గుంటూరు ఎండల్లో పెంచేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మా ఇంటికి యాక్సలాటల్ వచ్చింది జనవరిలో. బల్లి ఆకారంలో, జీవితమంతా నీళ్లలోనే ఉండే ఉభయచరం అది. బెంగళూరులో పెంచేవారి దగ్గర తీసుకుని, రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారేసరికి సత్యనారాయణపురం చేర్చాం. ట్యాంకులో వదిలిన గంటకే తోక చివర కొక్కెంలా వంచేసింది. ఈకల్లా విచ్చుకుని ఉండాల్సిన మొప్పలు ముందుకు ముడుచుకుని మొహాన్ని కప్పేశాయి. మూడు రోజులు ఏమీ తినలేదు. ఆ కంగారులో లైటు వేసి మాటిమాటికీ చూశాను, పురుగుని పట్టకారుతో మూతి ముందు ఆడించాను, చోటు నచ్చలేదేమోనని ఉన్న కుండీని తీసి ఇంకోచోట పెట్టాను. ఒక్కటీ దానికి మేలు చేయలేదు.

నాలుగోరోజు నాన్న వచ్చారు. కైకలూరు వైపు ఇరవయ్యేళ్లు చేపల చెరువులు చేసిన మనిషి, యాక్సలాటల్‌ని చూడటం మాత్రం అదే మొదలు. కాసేపు చూసి, "నీళ్లు టెస్టు చేశావా?" అని ఒక్క మాట అడిగారు. చేశాను. జంతువు విసర్జనలోంచి నీళ్లలో చేరే విషం అమ్మోనియా 1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) ఉంది. ఉండాల్సింది సున్నా.

బెదిరిన యాక్సలాటల్‌కి మందు సీసాలో దొరకదు. నీళ్లు చల్లగా, శుభ్రంగా, కదలకుండా ఉంటే చాలావరకు అదే తేరుకుంటుంది. మన ఊళ్లలో ఈ మూడింటిలో కష్టమైనది మొదటిది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం చల్లదనం గురించే రాశాను.

ఇది ఎక్కడి జీవి

మెక్సికో నగరం పక్కనున్న సోచిమిల్కో సరస్సు, దాని కాలువలు దీని సొంత ఊరు. సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తు. ఏడాది పొడవునా నీళ్లు చల్లగా ఉండే చోటు. సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచరం) జాతే అయినా పెద్దదయ్యాక కూడా నేల మీదికి రాదు. బయటికి కనిపించే మొప్పలతో జీవితమంతా నీళ్లలోనే ఉంటుంది. ప్రకృతిలో దాదాపు అంతరించిపోయింది. మన ఇళ్లలోకి వచ్చేవన్నీ తొట్లలో పుట్టి పెరిగినవే.

దానికి హాయిగా ఉండేది 16 నుంచి 18 డిగ్రీలు. 20 వరకు ఓర్చుకుంటుంది. 22 దాటితే లోపల ఇబ్బంది మొదలవుతుంది, 24 దాటి కొన్నాళ్లు గడిస్తే జబ్బు తప్పదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. ఆ ఎండలో సింటెక్స్ ట్యాంకు నీళ్లు చేతికి చురుక్కుమంటాయి. సోచిమిల్కో ప్రాణిని ఈ ఊరికి తెస్తున్నామంటే దాని చలిని కూడా మనమే తెచ్చిపెట్టాలి.

తేవడానికి రెండు నెలల ముందు

రెండు నెలలని ఊరికే అనడం లేదు. కొత్త ట్యాంకులో యాక్సలాటల్ విసర్జించే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఉండదు. అది ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ముందు ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, తర్వాత ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ విషాలే. నైట్రేట్ తక్కువలో ఉంటే ఫర్వాలేదు, 20 పీపీఎం లోపు ఉంచుకోవాలి.

మన వేడి మనకు సాయపడేది ఇక్కడొక్కచోటే. ఈ బ్యాక్టీరియా వెచ్చటి నీళ్లలో త్వరగా పెరుగుతుంది. కాబట్టి జంతువు లేనప్పుడు చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) ఆపేసి, గది వేడిలోనే ట్యాంకును నడపండి. అమ్మోనియం క్లోరైడ్‌తో నీళ్లలో అమ్మోనియా 2 పీపీఎం ఉండేలా చేయండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగే రోజు వస్తుంది. అప్పుడు ట్యాంకు సిద్ధమైనట్టు. తర్వాత సగానికి పైగా నీళ్లు మార్చి నైట్రేట్ తగ్గించి, చిల్లర్ వేసి వారం రోజులు 17 డిగ్రీల దగ్గర నిలబెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు ఉన్న స్నేహితులుంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజిని మీ ట్యాంకు నీళ్లలో పిండించుకోండి. పని తొందరగా అవుతుంది.

పరీక్షకు కాగితపు పట్టీలు కాకుండా చుక్కల కిట్టు కొనండి. మన జిల్లాల్లో ఆక్వా రైతులకు ఇది కొత్త కాదు. చెరువులో రొయ్య మేత ముట్టకపోతే వాళ్లు ముందు నీళ్లే పరీక్షిస్తారు.

ఒక్క యాక్సలాటల్‌కి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకు చూడండి, 100 లీటర్లకు తగ్గకుండా. లోతు కంటే అడుగున నడిచే చోటు ముఖ్యం. గులకరాళ్లు వేయకండి. ఇది నోరు తెరిచి నీళ్లతో సహా మేతను లోపలికి లాక్కుంటుంది. దాంతో రాయి కూడా లోపలికి పోయి పేగుకి అడ్డుపడుతుంది. చిన్న పిల్లయితే అడుగున ఏమీ వేయకండి. పెద్దదైతే బాగా కడిగిన సన్నటి ఇసుక చాలు.

కాగితాల పని కూడా ఇప్పుడే చూసుకోండి. అంతరించిపోతున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం సైటిస్. యాక్సలాటల్ దాని రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని కింద 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవులను ఉంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అమ్మేవారి దగ్గర నమోదు పత్రం, బిల్లు అడిగి తీసుకోండి. ఇవ్వలేనివారి దగ్గర కొనకండి.

చల్లదనం

ఫ్యాన్ పెడితే సరిపోతుందని చాలామంది చెబుతారు. నీటి మీద గాలి ఆడితే ఆవిరితో రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గే మాట నిజమే. కానీ మన గాలిలో తేమ ఎక్కువ. పైగా గది 34 డిగ్రీలున్నప్పుడు నాలుగు తగ్గినా 30 అవుతుంది. ఏసీ 24లో పెట్టినా నీళ్లు 24 దగ్గరే ఆగుతాయి. రాత్రింబవళ్లు ఏసీ, పైన ఫ్యాన్, రెండూ కలిపితే డిసెంబరు, జనవరుల్లో గట్టెక్కవచ్చు. మార్చి నుంచి కుదరదు. కంప్రెసర్ ఉన్న అక్వేరియం చిల్లర్ తప్పనిసరి అని నేను గట్టిగా చెబుతాను. దానికి డబ్బు సమకూరేవరకు జంతువును కొనడం ఆపండి. కంప్రెసర్ లేకుండా చిప్‌తో నడిచే చిన్న కూలర్లు గది వేడి కంటే కొద్ది డిగ్రీలే తగ్గించగలవు. మన వేసవికి అవి చాలవు.

చిల్లర్ పెట్టాక చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి, అది వెనకనుంచి వేడిగాలి వదులుతుంది. అల్మారాలో మూసిపెడితే తన వేడిలో తానే ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. గాలి ఆడేచోట ఉంచండి. రెండు, చల్లబడిన నీళ్లు ట్యాంకులోకి ధారగా పడితే యాక్సలాటల్‌కి అది వరదే. నిలకడ నీళ్లలో బతికే జీవి ఇది. మొప్పలు ముందుకు ముడుచుకోవడానికి ఎక్కువసార్లు కారణం ఈ ప్రవాహమే. నీళ్లు వచ్చే గొట్టానికి రంధ్రాల పైపు తగిలించి గోడవైపు తిప్పండి. ట్యాంకులో ఒక ఆకు వేసి చూడండి. అది నిదానంగా తేలుతుంటే సరే, గిరగిరా తిరుగుతుంటే ప్రవాహం ఎక్కువున్నట్టు.

ట్యాంకుకి వెనక, రెండు పక్కలా తెల్ల థర్మోకోల్ షీట్లు అతికించండి. చేపల బాక్సుల థర్మోకోల్ అయినా బాగా కడిగి వాడొచ్చు. చల్లదనం నిలుస్తుంది, మూడు వైపులా మూసినట్టుండి జంతువుకీ ధైర్యంగా ఉంటుంది.

కరెంటు పోతే? ఇంటి ఇన్వర్టర్ మీద కంప్రెసర్ ఎక్కువసేపు నిలవదు. గాలి మోటారు మాత్రం నడుస్తుంది. ఇన్వర్టర్ లైనుకి ముందు దాన్ని కలపండి, ఆక్సిజన్ ముఖ్యం. డీప్ ఫ్రీజర్లో లీటరు బాటిళ్లు నాలుగైదు, మూడొంతులు నింపి ఎప్పుడూ గడ్డకట్టి ఉంచండి. ఒక్కొక్కటిగా ట్యాంకులో తేలేయండి, మూత బిగించి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. కుళాయి నీటి క్లోరిన్ అందులో ఉండొచ్చు, పైగా వేడి ఒక్కసారిగా పడిపోతుంది. 24 నుంచి 17కి గంటలో దించడం కంటే పూట పట్టినా నెమ్మదిగా దించడమే క్షేమం. హెచ్చు వేడి ఎంత కష్టమో, వేడి పదేపదే ఎక్కిదిగడం కూడా అంతే కష్టం.

వీలుంటే నవంబరు, ఫిబ్రవరి మధ్యే తెచ్చుకోండి. ప్రయాణంలో సంచి వేడెక్కదు. కొత్త చోటుకి అలవాటు పడేనాటికి చిల్లర్‌లో లోపాలన్నీ మీకు తెలిసిపోతాయి.

కుళాయి, బోరు, క్యాన్: ఏ నీళ్లు

బెజవాడ కుళాయిలో వచ్చేవి కృష్ణ నీళ్లు, క్లోరిన్ కలిపినవి. క్లోరిన్ మొప్పల్ని, చర్మాన్ని కాలుస్తుంది, స్పాంజిలోని బ్యాక్టీరియాను చంపుతుంది. కృష్ణకు వరద వచ్చే రోజుల్లో మా కుళాయిలో క్లోరిన్ వాసన మామూలు కంటే ఘాటుగా ఉంటుంది. ఆ రోజుల్లో మరీ జాగ్రత్త. సోడియం థయోసల్ఫేట్ ఉన్న యాంటీ క్లోరిన్ చుక్కలు ప్రతిసారీ వాడండి. కలబంద కలిపిన రకాలు వద్దు. ఈ జీవి చర్మం నీటిలో ఉన్నదాన్ని పీల్చుకుంటుంది.

20 లీటర్ల క్యాన్ నీళ్లు శుభ్రమైనవే కదా అని పోయకండి. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. యాక్సలాటల్‌కి కొంచెం గట్టి నీళ్లే, అంటే లవణాలున్న నీళ్లే కావాలి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.4, 7.6 మధ్య ఉంటే మేలు. 6.5 నుంచి 8 వరకు బతుకుతుంది. బోరు నీళ్లు వీధి వీధికీ మారతాయి కాబట్టి పరీక్షించాకే వాడండి.

మార్చే నీళ్లు ముందురోజే పట్టి, చుక్కలు వేసి, ట్యాంకు వేడికి సమానంగా చల్లబరచాలి. మామూలుగా వారానికి పాతిక శాతం చాలు.

ట్యాంకు ఎక్కడ పెట్టాలి

దీనికి కనురెప్పలు లేవు. వెలుతురు పడితే కళ్లు మూసుకునే వీలే లేదు. కిటికీ దగ్గర, టీవీ ఎదురుగా వద్దు. చేపలకున్నట్టే ఒంటి పక్కల నీటి కదలికను పసిగట్టే అవయవాలున్నాయి. అద్దం మీద వేలితో కొడితే దానికి ఒళ్లంతా తెలుస్తుంది. వాషింగ్ మెషీన్, మిక్సీ, ఇంటి నీళ్ల మోటారు పక్కన వద్దు. దీపావళి రోజు, వినాయకుడి పందిట్లో డీజే పెట్టిన రోజు ట్యాంకుని దుప్పటితో కప్పండి.

దాక్కోవడానికి రెండు చోట్లు పెట్టండి, ఒకటి చాలదు. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, పక్కకి పడుకోబెట్టిన మట్టి పూలకుండీ బాగుంటాయి. అంచులు గరుకు కాగితంతో రుద్దండి, మొప్పలు చీరుకోకుండా.

దోమల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్లలో సాయంత్రమైతే కాయిల్, లిక్విడ్ మిషను, స్ప్రే ఏదో ఒకటి వాడతాం. వాటిలో చాలావరకు పైరెథ్రాయిడ్ అనే పురుగుమందులు. చేపలకీ ఉభయచరాలకీ అవి తీవ్రమైన విషం. పైగా గాలి మోటారు గదిలోని గాలినే నేరుగా నీళ్లలోకి పంపుతుంది. ట్యాంకున్న గదిలో వీటిని పూర్తిగా మానేసి దోమతెర కట్టుకోండి. ఫాగింగ్ బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి, గాలి మోటారు అరగంట ఆపి, ట్యాంకుపై తడిగుడ్డ కప్పండి. అగరుబత్తి పొగ, ఫినాయిల్ వాసన కూడా దూరంగా.

ఇంటికి చేరిన రోజు

సంచి లోపలికి తేకముందే గది చీకటి చేయండి. సంచిని మూత తీయకుండా ట్యాంకులో 20, 30 నిమిషాలు తేలనివ్వండి, రెండు నీళ్ల వేడి సమానమయ్యేదాకా. సంచి నీళ్లు మరీ వేడిగా ఉంటే ఇంకొంచెంసేపు.

ఆ తర్వాత ఎంతసేపు తాత్సారం చేయవచ్చన్నది ప్రయాణాన్ని బట్టి ఉంటుంది. ఊళ్లోనుంచే గంటలో తెచ్చుకుంటే, పావుగంటకోసారి కాస్త కాస్త ట్యాంకు నీళ్లు సంచిలో పోస్తూ గంటసేపు అలవాటు చేయొచ్చు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన సంచి సంగతి వేరు. అందులో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. శ్వాసతో వచ్చిన కార్బన్ డయాక్సైడ్ నీళ్ల పీహెచ్‌ను దించి, ఆ అమ్మోనియా విషం తెలియకుండా అణచిపెడుతుంది. మూత తీయగానే గ్యాస్ బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అణగి ఉన్న అమ్మోనియా నిమిషాల్లో కాటేస్తుంది. అలాంటి సంచి తెరిచాక గంటలు గంటలు చుక్కచుక్కగా కలుపుతూ కూర్చోకూడదు. వేడి సమానమయ్యాక తెరిచి, వెంటనే కొత్త నీళ్లలోకి మార్చండి. నేను మొదటిసారి గంటన్నర తాత్సారం చేశాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వల వాడకండి, వేళ్లు, మొప్పలు చిక్కుకుంటాయి. చేత్తోనూ పట్టుకోవద్దు, జిగురు పొర పోతుంది. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలోకి తీసుకుని, ఆ డబ్బాను ట్యాంకు అడుగున వంచితే అదే నడిచి వెళుతుంది. సంచి నీళ్లు ట్యాంకులో పోయకండి.

అంతే. మూత వేసి బయటికి రండి. మూత తప్పనిసరి, బెదిరినది ఎగిరి బయట పడుతుంది. ఆ రోజు మేత లేదు, ఫోటోలు లేవు, చుట్టాలకి చూపించడం లేదు.

మొదటి వారం

రోజూ పొద్దునా సాయంత్రం వేడి చూడండి. రోజుకోసారి అమ్మోనియా, నైట్రైట్ చూసి పుస్తకంలో రాయండి. ఏది కనిపించినా, 0.25 అయినా సరే, మూడోవంతు నీళ్లు మార్చండి. ట్యాంకు సిద్ధం కాకుండానే జంతువు వచ్చేసి ఉంటే, ఇంట్లో ఉన్న పెద్ద ప్లాస్టిక్ టబ్బులో చల్లటి, క్లోరిన్ లేని నీళ్లు పోసి అందులో ఉంచండి. రోజూ మొత్తం నీళ్లు మార్చండి, ట్యాంకు తయారయ్యేదాకా. ఇది శ్రమ, కానీ ప్రాణం నిలబెడుతుంది.

గుర్తులు చదవడం నేర్చుకోవాలి. ఒక్కసారి మొప్పలు విదిలించడం, అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి గుటక వేయడం, గంటలకొద్దీ కదలకుండా పడి ఉండటం మామూలే. మొప్పలు గంటలతరబడి ముందుకే ముడుచుకుని, తోక కొన కొక్కెంలా ఉంటే ప్రవాహం, వేడి, అమ్మోనియా ఈ వరసలో చూడండి. పదే పదే పైకొచ్చి గాలి మింగుతుంటే నీళ్లలో ఆక్సిజన్ చాలట్లేదు. వేడినీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. తెల్లవారుజామున చెరువులో డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి చేప పైకి తేలినట్టే ఇదీ. పిచ్చిగా గోడలకి కొట్టుకుంటూ ఈదుతుంటే నీళ్లలో ఏదో మంటపెడుతోందని అర్థం. పరీక్ష కోసం కూడా ఆగకుండా సగం నీళ్లు మార్చండి.

సమస్య వెతికేటప్పుడు ఒకసారి ఒక్కటే మార్చండి. ప్రవాహం తగ్గించారా, ఒకరోజు ఆగి చూడండి. అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు, పైగా ప్రతి మార్పూ దానికి కొత్త బెదురే.

మేత

మొదటి ఒకటి రెండు రోజులు ఏమీ పెట్టకండి. తర్వాత రాత్రి లైట్లు తీశాక ఒక్క ముక్క మూతికి అంగుళం దూరంలో జారవిడిచి, 20 నిమిషాలు ఆగి, తినకపోతే తీసేయండి. కుళ్లిన మేత మళ్లీ అమ్మోనియానే. ఒంట్లో బలమున్న పెద్ద యాక్సలాటల్ రెండు వారాలు తినకపోయినా తట్టుకుంటుంది. వేలెడంత పిల్ల తట్టుకోలేదు, దానికి రోజూ పెట్టాలి. పొట్ట వెడల్పు తల వెడల్పుతో సమానంగా ఉందా అన్నదే కొలత.

అన్నిటికంటే మంచి మేత వానపాము. చేపలు పట్టేవాళ్లు వాడే ఎర్రలే. అయితే గుంటూరు చుట్టుపక్కల మిరప, పత్తి చేలలోంచి తవ్వి తేవద్దు. ఆ చేలకు పురుగుమందుల పిచికారీ ఎంతో మీకు తెలుసు. వర్మీకంపోస్టు తొట్టెల్లోని ఎర్రవానపాములు దొరకడం సులువు. కానీ వాటి ఒంట్లోంచి వచ్చే చేదు పసరు వల్ల కొన్ని యాక్సలాటళ్లు ఉమ్మేస్తాయి. వేడినీళ్లలో క్షణంపాటు ముంచి, చల్లార్చి, ముక్కలు చేసి ఇస్తే మాది తింది. అలవాటు పడేదాకా గడ్డకట్టిన బ్లడ్‌వార్మ్ (నీళ్లలో పెరిగే ఎర్రటి సన్నటి పురుగులు) కరిగించి పెట్టొచ్చు. చిన్న చేపలు మేతగా వేయకండి, పరాన్నజీవులు తెస్తాయి, మొప్పలు కొరుకుతాయి. కోడి మాంసం, మేక మాంసం వద్దు.

బాదం ఆకు

మన వీధుల్లో నీడకి పెంచే బాదం చెట్టు ఆకే ఇది. ఎండి ఎర్రగా, గోధుమరంగులో రాలిన ఆకులోని టానిన్లు నీళ్లను లేత టీ రంగులోకి మారుస్తాయి. వెలుతురు తగ్గుతుంది, బూజుని కొంత అదుపు చేస్తాయి, జంతువు కాస్త కుదురుకుంటుంది. రోడ్డు పక్క పొగపట్టిన చెట్టువి, మందు కొట్టిన చెట్టువి తీసుకోకండి. బాగా కడిగి, పాతిక ముప్పై లీటర్లకు ఒకటి చొప్పున వేసి, రెండు వారాలకు మార్చండి. నీళ్లు బాగుంటేనే ఇది ఉపయోగం. అమ్మోనియా ఉన్న ట్యాంకులో ఆకు వేసి కూర్చుంటే లాభం లేదు.

షాపులో ఇచ్చే చేపల మందులు, ముఖ్యంగా రాగి, మలకైట్ గ్రీన్ ఉన్నవి వాడకండి.

డాక్టరుకి ఎప్పుడు

మొప్పల మీద దూదిలాంటి తెల్లటి బూజు పెరుగుతుంటే, కాళ్ల దగ్గర, పొట్ట కింద ఎర్రటి మచ్చలొస్తే, చర్మం ఊడుతుంటే, తిరగబడి తేలుతూ మళ్లీ అడుగుకి వెళ్లలేకపోతుంటే, రెండు వారాలు దాటినా తినకపోతే ఆలస్యం చేయకండి. ఉభయచరాలు చూసే డాక్టర్లు మన దగ్గర చాలా తక్కువ. జంతువు బాగున్నప్పుడే వెతికి పెట్టుకోండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఉభయచరాలను చూస్తారో లేదో ముందుగా ఫోను చేసి కనుక్కోండి.

తీసుకెళ్లేటప్పుడు మూతున్న డబ్బాలో దాని ట్యాంకు నీళ్లే పోసి, ఆ డబ్బాని థర్మోకోల్ పెట్టెలో ఉంచి, పక్కన గుడ్డ చుట్టిన ఐసు బాటిల్ పెట్టండి. వేరే సీసాలో అర లీటరు ట్యాంకు నీళ్లు, వేడి, అమ్మోనియా అంకెలు రాసిన ఆ పుస్తకం కూడా వెంట తీసుకెళ్లండి. ఎండాకాలమైతే తెల్లవారకముందే బయల్దేరండి.